రాజుగారి గళ్ళ కుచ్చిళ్ళ కింద

ఒకానొక రాజ్యంలో, సముద్రం ఒడ్డున ఉన్న కడలిపురిలో, విజయభైరవుడనే రాజు ఉండేవాడు. ఆయన యుద్ధమంటూ ఎప్పుడూ చెయ్యలేదు గానీ, చేస్తే ఏ దుస్తుల్లో చెయ్యాలన్నది మాత్రం బాగా ఆలోచించి పెట్టుకున్నాడు.

ఒక శ్రావణంలో దూరదేశపు ఓడ రేవుకొచ్చింది. దాని నాయకుడు ఎర్రగడ్డం దొర. రాజుకు కానుకగా ఒక ఉన్ని గుడ్డ తెచ్చాడు. ఎరుపూ పచ్చా గళ్ళు, వెనకంతా కుట్టిన కుచ్చిళ్ళు. నడుముకు చుట్టి పట్టీ బిగిస్తే మోకాళ్ళ దాకా వస్తుంది. పేరు కిల్టు. తమ కొండదేశంలో వీరులందరూ కట్టేది ఇదేనని దొర చెప్పాడు, దుబాసీ తెలుగులో వినిపించాడు.

వీరులన్న మాట చెవిన పడగానే, ఓడ కదిలేముందు జరిగే వీడ్కోలు సభకు అదే కట్టుకొస్తానని రాజు మాటిచ్చేశాడు.

మందిరంలోకి వెళ్ళి కట్టి చూసుకున్నాక అనుమానం వచ్చింది. పంచె అయితే గోచీ పోసి బిగించవచ్చు. దీనికి గోచీ లేదు. కింద అంతా తెరుచుకుని ఉంది. మరి లోపల ఏం కట్టాలి?

దొరను పిలిపించి అడిగాడు. దొర పగలబడి నవ్వాడు.

"ఏమంటాడు?"

"చెప్పడట ప్రభూ," అన్నాడు దుబాసీ.

"అంటే లోపల ఏదో ఉన్నట్టా, ఏమీ లేనట్టా?"

"అదీ చెప్పడట. వాళ్ళ మగతనమంతా ఆ చెప్పకపోవడంలోనే ఉందట."

రాజు అయోమయంలో పడ్డాడు. రాజు అయోమయంలో పడితే రాజ్యం బయట ఉండదు కదా. వెంటనే కొలువు తీరింది. ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి లేచి గొంతు సవరించుకున్నాడు.

"కంటికి కనబడనిదానికి ప్రమాణం లేదు ప్రభూ. ప్రమాణం లేనిది లేనట్టే. కనుక లోపల ఏమీ ఉండదు."

రాజు అలాగే వెళ్ళి అంబారీ ఎక్కబోయాడు. సముద్రపు గాలి వీచింది. కింద నిచ్చెన పట్టుకున్న మావటి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏనుగు మాత్రం మూసుకోలేదు. రాజు సగం మెట్ల మీంచే దిగి వచ్చేశాడు. పైగా ఉన్ని తగిలి తొడలు కందిపోయాయి.

"పట్టు!" అన్నాడు తిప్పనమంత్రి. "రాజశరీరానికి పట్టు తప్ప ఇంకేం తగులుతుంది?"

పట్టు ఉన్నికి తగిలి జారింది. రాజు సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే అంచుదాకా వచ్చాడు. చెమట పీల్చుకోక పట్టంతా ఒంటికి అతుక్కుంది. పట్టు మీద గోచీ కట్టారు, గోచీ మీద పట్టు కట్టారు. రాజు నడక చూసి రాణులు ఆయన కాలికి దెబ్బ తగిలిందనుకున్నారు.

ఒక మగవాడికి లోపల ఏం తొడుక్కోవాలో తెలియకపోతే అది రాజ్యసమస్య అయింది. అదే కొలువులో అంతకుముందు రోజే మరో విషయం వచ్చింది గానీ, దాన్నెవరూ సమస్య అనుకోలేదు.

రాణివాసంలో నీళ్ళు తోడే దాసి దాలమ్మ, వాన వెలిసి ఎండ కాసిన వేళ చూసి, తన లోపలి గుడ్డలు తూర్పు పెరట్లో గోడ మీద ఆరేసింది. కావలివాడు పట్టుకున్నాడు. ఎందుకంటే అప్పటికి ఏడాదిగా ఒక శాసనం అమల్లో ఉంది. ఒకనాటి ఊరేగింపులో అదే పెరట్లోంచి ఎవరిదో లోపావడా గాలికి ఎగిరి వచ్చి పట్టపుటేనుగు దంతానికి తగులుకుంది. అది తనకు జరిగిన పరాభవమని రాజు ఉగ్రుడై చాటింపు వేయించాడు. కుచ్చిళ్ళ కింద కట్టే గుడ్డ ఏదైనా ఎండకు గానీ మగవాడి కంటికి గానీ పడకూడదు. మెట్ల కింద చీకటిగదిలోనే ఆరాలి. తప్పితే దేశబహిష్కారం. ఆ గుడ్డల పేరు మగవాళ్ళ ముందు పలికినా అదే శిక్ష.

వీడ్కోలు సభలోనే, దొర చూస్తుండగా, దాలమ్మకు శిక్ష వేసి తన ధర్మపాలన చూపించాలని రాజు సంకల్పం. దాలమ్మకు పాలు మానని కూతురుంది. పొలిమేర దాటితే తెలిసిన ఊరొక్కటీ లేదు.

రాణివాసంలో పురాణం చెప్పే పేరిందేవి దగ్గరకు పోయి దాలమ్మ కాళ్ళు పట్టుకోబోయింది.

"లే లే! నా కాళ్ళు పట్టుకుంటే ఏమొస్తుందే? నీకంత పోయేకాలం ఏమొచ్చింది, గోడ మీద వేశావు?"

"ఓర్చుకోలేకపోయానమ్మగారూ. ఆ గదిలో ఎన్నాళ్ళున్నా ఆరవు. తడివే కట్టుకోవాలి. ముక్కిన వాసన. ఒళ్ళంతా ఒకటే..." అని ఆగిపోయింది.

"నాక్కూడా," అంది పేరిందేవి. "పట్టమహిషికి కూడా. పో, పిల్లకు పాలివ్వు. నేను ఆలోచిస్తాను."

పేరిందేవి మాట పదునుగా ఉంటుందని, విని నవ్వుకోవచ్చని, రాజు కొలువులో ఆమెకు ఒక పీట వేయించాడు. నవ్వు వచ్చినంతకాలమే ఆ పీట. ఆడదాని తెలివికి కొలువులో దొరికే చోటు అంతే కదా.

మర్నాడు కొలువులో రాజు చూపు ఆ పీట మీద పడింది.

"పేరిందేవీ! మీ ఆడవాళ్ళు పుట్టినప్పటి నుంచీ కుచ్చిళ్ళే కడతారు. లోపల హాయిగా, శుభ్రంగా ఉండాలంటే ఏం కట్టాలో నీకు తెలియకుండా ఉంటుందా?"

"తెలుసు ప్రభూ. చెప్పను."

"నువ్వూ ఆ దొర చుట్టానివా ఏమిటి?"

"కాదు ప్రభూ, తమరి ప్రజను. ఆ మాట పలికితే దేశబహిష్కారమని చాటించింది తమరే."

కొలువంతా గతుక్కుమంది. రాజు కాసేపు గడ్డం గోక్కుని, "అభయమిస్తున్నాను, చెప్పు," అన్నాడు.

"పట్టు వద్దు, కొత్తగుడ్డ అసలే వద్దు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర తెప్పించి, తొడల దాకా వదులుగా పొట్టి లాగు కుట్టించండి. చల్లడం అంటారు. అది చెమట పీల్చుకుంటుంది, ఉన్నిని ఒంటికి తగలనివ్వదు. కట్టినది మళ్ళీ కట్టకుండా రోజూ ఉతికించాలి."

"ఇంతేనా!" అన్నాడు మంత్రి, తనకు ముందే తెలిసినట్టు.

"ఒక్క సందేహం ప్రభూ," అంది పేరిందేవి. "ఉతికాక ఆరబెట్టడం కూడా శాసనం ప్రకారమేనా? లేక తమరికి మినహాయింపు ఉందా?"

రాజు ఛాతీ విరుచుకున్నాడు. "విజయభైరవుడి శాసనానికి మినహాయింపా! రాజైనా శాసనానికి లోబడినవాడే. రాసిపెట్టుకోండి!"

అందరూ భేష్ అన్నారు. పేరిందేవి అందరికంటే గట్టిగా అంది.

చల్లడాలు తయారయ్యాయి. మొదటి రోజు రాజు చిన్నపిల్లాడిలా మందిరమంతా తిరిగాడు. ఏనుగెక్కి దిగాడు. ఉన్ని తగలదు, గాలికి భయం లేదు. తర్వాత ముసురు పట్టింది. ఉతికిన చల్లడాలన్నీ మెట్ల కింద చీకటిగదిలోకి వెళ్ళాయి. ఆరినట్టే ఉండేవి, కట్టుకుంటే తెలిసేది.

వీడ్కోలు సభ నాటికి రాజు ముఖం మారిపోయింది. సింహాసనం మీద ఒకసారి ఎడమకు ఒరిగి, ఒకసారి కుడికి ఒరిగి కూర్చున్నాడు. చెయ్యి మోకాలి దాకా వెళ్ళేది, ఎదురుగా ఉన్న దొరను చూసి వెనక్కి వచ్చేది. రాజుకు యుద్ధావేశం వచ్చిందేమోనని మంత్రి దడుచుకున్నాడు.

దాలమ్మను ప్రవేశపెట్టారు.

"నేరం ఒప్పుకుంటావా?" అన్నాడు మంత్రి.

"ఒప్పుకుంటానండి. ఎండలో ఆరేశాను."

"ఎందుకు?" అన్నాడు రాజు, పళ్ళు బిగించి.

"దురద మహాప్రభూ."

సభ గొల్లుమంది. రాజు నవ్వలేదు. ముందుకు వంగాడు.

"దురదంటే... ఎలాంటి దురద?"

"నలుగురిలో గోక్కోలేని దురద మహాప్రభూ. కూర్చుంటే మంట, నించుంటే ఇంకా మంట."

"అవును," అన్నాడు రాజు తనకు తెలియకుండానే. "తొడల దగ్గర మొదలై..."

"అక్కణ్ణించి పైకి మహాప్రభూ."

"అవునవును!"

విచారణ ఎవరిని ఎవరు చేస్తున్నారో మంత్రికి అంతుపట్టలేదు. సోమయాజి వైపు చూశాడు. ఆయనా అంతే తికమకగా చూశాడు.

"దీనికి కారణమేమిటి?" అన్నాడు రాజు.

"తడిగుడ్డే మహాప్రభూ. చీకటిగదిలో ఆరవు, బూజు పడుతుంది."

రాజు కాసేపు ఆలోచించాడు. మెల్లగా పేరిందేవి వైపు తిరిగాడు.

"నావి ఎక్కడ ఆరాయి?"

"అక్కడే ప్రభూ. దాలమ్మవాటి పక్కనే."

"నావి అక్కడెందుకు వేశారు!"

"మినహాయింపు లేదన్నది తమరే. కొలువంతా భేష్ అన్నది కూడా."

"నేను మగవాణ్ణి!"

"బూజుకు ఆ సంగతి తెలియదు ప్రభూ."

దుబాసీ దొర చెవిలో ఏదో చెబుతున్నాడు. దొర గడ్డం వణుకుతోంది.

పేరిందేవి లేచి నిలబడింది. "తమరు ఈ బాధ కొన్నాళ్ళు పడ్డారు. రాణివాసం ఏడాదిగా పడుతోంది. చెప్పుకుందామంటే ఆ పేరు పలకడమే నేరం. ఇప్పుడు దాలమ్మను పొలిమేర దాటించండి. శాసనం నిలుస్తుంది. దాంతోపాటు దురదా నిలుస్తుంది. తీర్పు తమరిది."

రాజు దాలమ్మను చూశాడు. తన గళ్ళ కుచ్చిళ్ళను చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. ఖడ్గం అడుగుతాడనే అందరూ అనుకున్నారు. ఉన్నట్టుండి ఆయన పకపకా నవ్వాడు. దొర కూడా ఇక ఆపుకోలేక నవ్వాడు. రాజు నవ్వితే నవ్వాలి గనక సభంతా నవ్వింది. ఆ నవ్వుల సందడిలో రాజు ఒళ్ళంతా కదిలించి నవ్వుతూ, తీరిగ్గా గోక్కున్నాడు.

"శాసనం రద్దు!" అన్నాడు. "దాలమ్మా, నీ పని నీకుంది, పో. పేరిందేవీ, నన్ను దురదపెట్టి గెలిచావు. ఇదుగో కంకణం. ఇంకేం కావాలో అడుగు."

పేరిందేవి కంకణం చేతికి తొడుక్కుంది. అక్కర్లేదనడం ఆమెకు అలవాటు లేదు.

"తూర్పు పెరట్లో ఒక దండెం కట్టించండి ప్రభూ. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా."

"కట్టించాననుకో. నావి కూడా దాని మీదే వెయ్యండి. ముందు నావే వెయ్యండి!"

సాయంత్రం ఓడెక్కబోతూ దొర పేరిందేవిని పక్కకు పిలిచాడు. మెత్తటి పాత నూలు చీర ఒకటి దొరుకుతుందా అని దుబాసీ చేత, ఎవరికీ వినబడకుండా, అడిగించాడు.

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. కొత్త దండెం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా లోపలి గుడ్డలు గాలికి ఊగుతున్నాయి. రాజు కట్టే వస్త్రం ఎదురైతే ఆగి నమస్కరించడం ఆ కొలువు మర్యాద. అటుగా వచ్చిన తిప్పనమంత్రి దండెం ముందు నిలబడిపోయాడు. అన్నీ పాత నూలువే, అన్నీ తెల్లనివే. వీటిలో రాజుగారిది ఏది? బుర్ర ఎంత గోక్కున్నా తేలలేదు. చివరికి ఎందుకైనా మంచిదని, తలపాగా సర్దుకుని, ఒక్కొక్కదానికీ దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళాడు.