కొండ దిగని వైద్యుడు

నల్లకొండ మీద ఒక ముసలి ఏనుగు వైద్యం చేసేది. ఏ వేరు అరగదీయాలో, ఏ బెరడు కాచి తాగించాలో దానికి తెలిసినంతగా ఆ అడవిలో ఇంకెవరికీ తెలియదు. ఇప్పపూలు తెగ తిని కడుపునొప్పి తెచ్చుకున్న కోతులు కూడా కొండెక్కి కూర్చునేసరికి దానికి విసుగొచ్చింది. కొండ కింద నక్కను పెట్టి, "ముందు నువ్వు చూడు. నీ చేత కానివాళ్లకే మోదుగాకు మీద గోటి గుర్తు పెట్టి పైకి పంపు" అంది.

నెల తిరిగేసరికి పైన రద్దీ సగానికి పడిపోయింది. నయమై దిగిపోయే ప్రతి జంతువునీ ఏనుగు అడిగేది.

"వైద్యం ఎలా ఉంది?"

"బ్రహ్మాండం తాతా!"

ఏనుగు మురిసిపోయి నక్కను మెచ్చుకుంది. ఆ మెప్పు రుచి మరిగిన నక్క, ఆకులివ్వడం ఇంకా తగ్గించేసింది.

ఒకరోజు పొద్దున్నే ఓ ఆడదుప్పి మొగుణ్ణి నడిపించుకుంటూ వచ్చింది. మగదుప్పి గొంతు వాచిపోయి ఊపిరి ఈల వేస్తోంది.

"నక్కన్నా, ఆకివ్వు. నిన్నటి నుంచి గుక్కెడు నీళ్లు దిగడం లేదు."

"గొంతు రోగాలకు వాగవతల కాకి మందిస్తుంది చెల్లెమ్మా. అక్కడికి వెళ్లు."

మొగుణ్ణి ఈడ్చుకుంటూ వాగు దాటింది. కాకి కొమ్మ దిగనేలేదు. "నక్క గుర్తు లేకుండా ముట్టుకోను."

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. నక్క ఆవులిస్తూ, "ఇవాళ్టికి ఆకులు అయిపోయాయి. రేపు రా" అంది.

మగదుప్పి అక్కడే కూలబడింది. ఆడదుప్పి ఇక నక్కను అడగలేదు. ఒక్కతే కొండెక్కింది.

"ఆకేదమ్మా?" అంది ఏనుగు.

"ఇవ్వలేదు తాతా. నా మొగుడు పోయేలా ఉన్నాడు. ఒక్కసారి దిగిరా."

"నీకోసం దిగితే రేపు అందరూ దిగమంటారు. కట్టుబాటంటూ ఒకటి ఉండాలి కదా. నక్కనే అడుగు, మంచివాడు, ఇస్తాడు."

ఆమె గబగబా దిగిపోయింది. కింద ఈల ఆగిపోయి ఉంది. కాసేపటికి కొండంతా ఆమె ఏడుపు వినిపించింది.

ఆ ఏడుపు భరించలేక ఏనుగు కొన్ని నెలల్లో మొదటిసారి కొండ దిగింది. నక్క కూర్చునే బండ చుట్టూ చెట్లనిండా రాబందులు. పొదల్లో పాత ఎముకలు, కొత్త ఎముకలు. కొన్ని పసికూనలవి.

"ఎవరివిరా ఇవి?"

నక్క తల దించుకుంది. "నేను మళ్లీ రమ్మని పంపేసినవాళ్లవి."

ఏనుగు ఒక చిన్న ఎముకను తొండంతో ఎత్తి చూసింది. "అడవిలో రోగాలు తగ్గాయనుకున్నానే! నేను అడిగినవాళ్లంతా బాగుందనే అన్నారే!"

ఆడదుప్పి మొగుడి మీద వాలుతున్న ఈగలను తోలుతూ తలెత్తకుండా అంది.

"నీ దాకా రాలేనివాళ్లను ఎప్పుడైనా అడిగావా తాతా?"

నీతి: గడప దాటి లోపలికొచ్చినవాళ్ల మెప్పు విని మురిసేవాడికి, గడప బయట ప్రాణాలు పోవడం కనబడదు.