గోడవైపు తిప్పిన పటం

స్కూళ్ళ ఇనస్పెక్టరు రావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పాఠాలన్నీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి చెప్పడానికి కూర్మినాయుడికి నోరు రావడం లేదు.

అది కష్టమైన పాఠమేం కాదు. ఊరి పక్కనే పారే వంశధార ఎక్కడ పుట్టింది, ఎక్కడ సముద్రంలో కలిసింది, అంతే. తాలూకా బోర్డువారు రేకు గొట్టంలో చుట్టి పంపిన పటంలో స్పష్టంగా ఉంది. కూర్మినాయుడు దాన్ని గోడకు తగిలించి, తమ ఊరు పాతరేవు ఉండాల్సిన చోట వేలు పెట్టి, నీలం గీత వెంట పైకి వెళ్ళాడు. మహేంద్రగిరి దగ్గర గీత ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. ఆ కొండను ఓ పక్కన వదిలేసి ఇంకా ఉత్తరానికి, ఊళ్ళో ఎవరూ పేరైనా వినని కొండల్లోకి పోయింది.

అతను పటాన్ని గోడవైపు తిప్పేశాడు.

ఏరు మహేంద్రగిరి మీద పుట్టిందని అతనికి చెప్పింది అతని గురువు తిరువెంగళయ్యగారు. అతనికే కాదు, నలభై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పింది ఆయనే. పాతరేవు నుంచి కనిపించే పెద్ద కొండ అదొక్కటే, ఏరు వచ్చేదీ ఆ దిక్కునుంచే, ఇంకెక్కడ పుడుతుంది? బడి మొహం చూడనివాళ్ళు కూడా ఆ మాట పొల్లుపోకుండా అప్పజెబుతారు. వరదొస్తే ఆడవాళ్ళు ఆ కొండవైపే తిరిగి దండం పెడతారు.

ఇప్పుడంటే బళ్ళకు గోడలూ గంటలూ రిజిస్టర్లూ వచ్చాయి గానీ, ఆ ఏటి లోయలో మొదట బడంటే ఎవరో ఒకరి వీధి అరుగే. ఏటి ఇసుక తెచ్చి అరుగుమీద పరిచి, అందులో వేలితో అక్షరాలు దిద్దించేవారు. ఎవరింట్లో ఏది పండితే అదే అయ్యవారికి ముట్టేది. చోళ్ళు పండితే చోళ్ళు, నువ్వులు పండితే నువ్వులు. తిరువెంగళయ్యగారు తెల్లవారుతూనే గుడికి పూలదండలు కట్టి ఇచ్చి, పొద్దు వాలేదాకా పిల్లలతో ఉండేవారు. కోపం వస్తే పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టేవారు. కోపం దిగాక తానే పోయి ఆ ఎండలో వాడి పక్కన నిలబడేవారు.

పాతరేవుకు బోర్డు బడి ఇస్తామన్నప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుపోయి అందులో చేర్పించింది ఆయనే. పట్నంలో ట్రెయినింగు అయి వచ్చిన తన శిష్యుణ్ణే అక్కడ వెయ్యాలని అర్జీ పెట్టించిందీ ఆయనే. ఆ మర్నాటి నుంచి ఆయన అరుగు ఖాళీ.

కూర్మినాయుడికి అదే బెంగ. రోజూ ఇంటికి పోతూ ఆ అరుగు ముందు ఆగేవాడు. పిల్లల గొంతులన్నీ ఒకెత్తు, వాటి మీదుగా వినిపించే ఆయన గొంతు ఒకెత్తు. మళ్ళీ ఒక్కసారి ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకునేది. ఆయన మాత్రం "బాగున్నావట్రా?" అని ఊరుకునేవారు. నా అరుగు బోసిపోయేలా చేశావు కదరా అని తిట్టినా బాగుండుననిపించేది.

అరుగు ఖాళీ చేసింది చాలక, ఇప్పుడు ఆయన మాట కూడా తప్పని చాటాలా? పాఠం విన్న పిల్లలు ఇళ్ళకు పోయి చెప్పకుండా ఉంటారా? ఊరి నోరు ఎవరు మూస్తారు? పోనీ చెప్పకుండా దాటేద్దామంటే ఇనస్పెక్టరు ఊరుకునే రకం కాదు. కిందటేడు ఎగువన ఒక ఊళ్ళో పిల్లలు జవాబులు చెప్పలేదని బడిని ఎత్తి ఏరు అవతలికి మార్చేశారు. ఇక్కడా అదే జరిగితే అటు అరుగు బడీ లేదు, ఇటు బోర్డు బడీ లేదు.

చివరికి ఓ సాయంత్రం అరుగెక్కాడు. వేరే ఊరికి మార్పించుకుంటానని, ఇక్కడికి ఇంకెవరినైనా వేయించమని చెప్పాడు. ఏం కష్టమొచ్చిందని అడిగారాయన. ఒక పాఠం చెప్పలేకపోతున్నానన్నాడు.

"నీకు రాదా?"

"వచ్చు, అయ్యోరూ."

"అందులో తప్పుందా?"

"లేదు. నిజమే."

"మరెవరికి జడుస్తున్నావు?"

కూర్మినాయుడు తల వంచుకున్నాడు. ఆయన ఏ పాఠమని మాత్రం అడగలేదు. పొద్దుపోతోంది, ఇంటికి వెళ్ళమన్నారు.

మర్నాడు కూర్మినాయుడు బడి తాళం తియ్యడానికి వచ్చేసరికి గడప దగ్గర తిరువెంగళయ్యగారు నిలబడి ఉన్నారు. చంకలో తాటాకు చాప ఉంది. కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి పైకి తిప్పి పట్టుకున్నారు.

ఆ లోయలో బళ్ళన్నిటా ఒక ఆచారం ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లల అరచేతిలో శ్రీ రాస్తారు. రెండోవాళ్ళకు చుక్క పెడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు వరసనుబట్టి బెత్తం దెబ్బలు. బోర్డు రూళ్ళలో ఇవేవీ లేవు. కూర్మినాయుడు దెబ్బలు మానేశాడు గానీ శ్రీని మానలేకపోయాడు.

"మీ చేతిలో నేను రాయడమేటి, అయ్యోరూ?"

"ముందొచ్చింది నేనే కదా" అన్నారాయన.

కూర్మినాయుడు సుద్దముక్కతో రాశాడు. అక్షరం వంకరపోయింది. ఆయన లోపలికి వెళ్ళి మొదటి వరసలో చాప పరుచుకుని కూర్చున్నారు. పిల్లలు వచ్చి, ఆయన్ను చూసి, కిక్కురుమనకుండా ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. రెండోదిగా వచ్చిన నారాయణమ్మ చుక్క పెట్టించుకోవడం కూడా మరిచిపోయింది.

పటం అటు తిరిగి ఉందేమని ఆయన అడిగారు. కూర్మినాయుడు దాన్ని ఇటు తిప్పాడు. ఆ పటంలో తేలిపోయే మాట తాను చెప్పింది అదొక్కటేనని ఆయనకు తట్టింది కాబోలు, మన ఏరు పుట్టిందెక్కడో చెప్పమన్నారు.

కూర్మినాయుడు పిల్లలవైపు చూడలేదు, ఆయనవైపు అసలే చూడలేదు. "వంశధార కాళహండి కొండల్లో పుట్టింది. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది" అని పటానికే చెప్పాడు.

తలలన్నీ తిరువెంగళయ్యగారివైపు తిరిగాయి. నారాయణమ్మ ఉండబట్టలేక, మీరు మహేంద్రగిరి అని చెప్పారు కదా అని అడిగేసింది.

"చెప్పానమ్మా. చూడకుండా చెప్పాను."

కూర్మినాయుడు గబగబా అందుకున్నాడు. మహేంద్రగిరి మీద పుట్టిన మహేంద్రతనయ కూడా మన ఏట్లోనే కలుస్తుందనీ, అయ్యవారు చెప్పింది దాని సంగతే అయి ఉంటుందనీ, అంచేత ఒకరకంగా చూస్తే అదీ నిజమేననీ ఏదేదో చెప్పుకుపోయాడు.

"నన్ను కాపాడకురా. పాఠం చెప్పు."

ఆయన లేచి పటం దగ్గరికి వచ్చారు. కళ్ళు ఆనడం లేదు, ఏరెక్కడో పట్టి చూపించమన్నారు. కూర్మినాయుడు ఆయన చూపుడువేలు పట్టుకుని పాతరేవు ఉండాల్సిన చోట ఆనించాడు. పటంలో ఊరి పేరు లేదు. అక్కణ్ణించి మెల్లగా పైకి తీసుకుపోయాడు. మహేంద్రగిరి పక్కకు వచ్చాక ఆ వేలు తనంతట తానే ఆగింది. కూర్మినాయుడూ ఆగాడు. కాసేపటికి ఆయనే కదిపారు. గీత సన్నబడి సన్నబడి కొండల్లో ఎక్కడో ఐపోయింది.

"ఇంత దూరాన్నించి వస్తోందా!" అన్నారాయన. వేలు తియ్యలేదు. "రోజూ అందులోనే మునిగాను. ఒక్కసారి పోయి ఆ చోటు చూడాలని ఉంది. ఇప్పుడు నా కాళ్ళు ఎక్కడ మోస్తాయి?"

ఆయన వేలు తీసి వెనక్కి వెళ్ళి కూర్చుని, చేతులు కట్టుకుని, వంశధార కాళహండి కొండల్లో పుట్టిందని రాగం తీసి వల్లించారు. పిల్లలు అలవాటుగా అందుకున్నారు. మూడుసార్లు అయ్యింది. కళ్ళు తుడుచుకోవడానికి కూర్మినాయుడు నల్లబల్లవైపు తిరగాల్సి వచ్చింది.

గంట కొట్టగానే పిల్లలు బయటికి పరిగెత్తారు. తిరువెంగళయ్యగారు చాప చుట్టుకుని లేచారు. కూర్మినాయుడు కాళ్ళకు దండం పెట్టబోతే వారించి, నెమ్మదిగా నడిచి గడప దాటారు. అక్కడ ఆగి వెనక్కి తిరిగారు.

"రేపు ఏ పాఠం చెబుతారు, అయ్యోరూ?"