కొండవీరుడికి ఎంత బలం ఉండాలి?

కొండల నడుమ, ఒక పెద్ద ఏటి పక్కన కనుమలూరు రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో చిత్తారి ఓబన్న అనే ఆయన బట్ట మీద వరసగా బొమ్మలు వేసి, ఆ పటం కొంచెం కొంచెంగా విప్పుకుంటూ ఊరూరా కథ చెప్పేవాడు. మాటకారి. ఆస్థానంలో కూడా ఆయనకొక పీట ఉండేది.

ఓబన్న పటాల్లో నాయకుడు కొండవీరుడు. ఆయనది పదిమంది పెట్టు బలం. అయితే చిన్ననాడు కొండ మీంచి పడ్డందువల్ల ఎడమ కాలు కుంటు. పరుగెత్తితే ఆయాసం వచ్చేది. దప్పికైతే ఎవరి గుమ్మం ముందైనా నిలబడి మంచినీళ్లు అడిగేవాడు. కథలో ఆయన పడిపోయిన చోట పిల్లలు "లే, లే" అని గొంతు చించుకునేవారు. ఒక్కో ఊళ్లో ఆడవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి పటం ముందు పెట్టేవారు.

రాజు పేరు కేతభూపతి. ఆయనకు ఇరవైరెండు బిరుదులు. ఎవరైనా ఒక్క బిరుదు మరిచి పిలిస్తే పలికేవాడు కాదు. ఆస్థాన పండితుడు విశ్వంభర సోమయాజి ఆ సంగతి బాగా ఎరిగినవాడు. ఆ ఏడు ఆయన పాత తాటాకులు తిరగేసి, కొండవీరుడు సాక్షాత్తూ రాజుగారి వంశకర్త అని తేల్చాడు. రాజుగారికి ఇరవైమూడో బిరుదు దక్కింది. 'కొండవీర కులదీపకుడు' అన్న ఆ బిరుదుకు అయిదు రోజులు ఉత్సవం చేశారు.

ఆ ఉత్సవం మొదటి రోజునే ఇసుకపాలెం దగ్గర ఏటికట్ట తెగింది. నలభై ఒక్కమంది కొట్టుకుపోయారు. కబురు తెచ్చినవాణ్ణి సోమయాజి వాకిట్లోనే ఆపించాడు. శుభవేళ అశుభం వినకూడదన్నాడు.

ఉత్సవం ముగిశాక కూడా రాజుగారు ఆ వైపు వెళ్లలేదు. మిగిలినవాళ్లు దిబ్బ మీద పాకలు వేసుకుని, కార్తీకంలో మళ్లీ వానలు పడకముందే కట్ట పోయించమని మూడుసార్లు విన్నపం పంపుకున్నారు. మంచిరోజు చూసి వింటామని మూడుసార్లూ జవాబు వెళ్లింది.

ఓబన్న ఆ దిబ్బ మీదికి వెళ్లి వచ్చాడు. అక్కడ తిప్పమ్మ అనే ముసలామె ఆయన్ని కూర్చోబెట్టి గంజి పోసింది. ఇద్దరు మనవలు పోయారని చెప్పింది. ఏడవలేదు. "కథ చెప్తావా నాయనా?" అని అడిగింది. ఓబన్న పటం విప్పకుండానే లేచి వచ్చేశాడు.

వచ్చిన మర్నాడే సభలో పిలుపు వచ్చింది. రాజుగారి ముందు ఓబన్న పాత పటం పరిచి ఉంది.

"ఏమిటిది చిత్తారీ? మా వంశకర్త కుంటుతున్నాడేమిటి? వాకిలి వాకిలికీ పోయి నీళ్లు అడుక్కుంటున్నాడేమిటి?" అన్నాడు రాజు.

"కథ మొదటినుంచీ అలాగే ఉంది ఏలికా."

సోమయాజి కండువా సర్దుకున్నాడు. "ప్రభువులవారి కులమూలపురుషుడు సర్వశక్తుడు కావాలి. ఓటమి, నొప్పి, అలసట ఎరుగనివాడు కావాలి. అలా కాకపోతే ఆయన వీరుడేమిటి, కూలివాడు!"

"బలం మరీ ఎక్కువైతే జనానికి ఆయన మీద దిగులుండదు స్వామీ. దిగులు లేకపోతే కథ వినరు" అన్నాడు ఓబన్న.

"జనం దిగులు మాకెందుకు?" అని రాజు కోపగించాడు. "పదిహేను రోజులు గడువు. మా వంశకర్తకు లోటన్నది లేకుండా కొత్త పటం రాయి. రాయలేకపోతే దేశంలోని పటాలన్నీ తెప్పించి తగలబెట్టిస్తాను. కథ చెప్పేవాడన్నవాడు ఉండడు."

ఆ పటాల మీద బతికే ఇళ్లు అరవైదాకా ఉన్నాయి. అయినా ఓబన్న తడబడకుండా చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం. రెండే మనవులు. ఏయే శక్తులు ఉండాలో సోమయాజిగారు రాసిస్తే, ఏలినవారు ముద్ర వేయాలి. తరువాత నేను తప్పు రాశానన్న మాట రాకూడదు. రెండోది మా పటంవాళ్ల కట్టుబాటు. విన్నవాళ్లు ప్రశ్న అడిగితే, జవాబు చెప్పందే తరువాతి బొమ్మ విప్పకూడదు. ఇది తమ వంశకథ గనక జవాబు తమ పక్షాన రావాలి."

"అడగనీ. మా సోమయాజికి జవాబు చెప్పలేని ప్రశ్న ఉంటుందా?" అని రాజు నవ్వాడు.

సోమయాజి ఉత్సాహంగా రాశాడు. కొండవీరుడు నూరు యోజనాల దూరం చూడగలడు. చీమ అడుగు కూడా వినగలడు. రెప్పపాటులో ఆకాశమార్గాన ఎక్కడికైనా పోగలడు. ఏనుగులనూ, నదులనూ, కొండలనూ ఒంటిచేత్తో ఆపగలడు. రాజు ఒక్కొక్క వాక్యానికీ తలూపి కింద ముద్ర వేశాడు.

ఓబన్న ఇంటికి పోయి, బట్టకు సుద్దా చింతగింజల జిగురూ పట్టించి పనిలో కూర్చున్నాడు. పదిహేనో నాడు సభ నిండింది. ముందు వరుసలో ఓబన్న పిలిపించిన ఇసుకపాలెంవాళ్లు పన్నెండుమంది కూర్చున్నారు. వాళ్లలో తిప్పమ్మ ఉంది.

ఓబన్న మొదటి బొమ్మ విప్పాడు. బంగారు ఒంటితో, సూర్యుడిలా వెలిగిపోతున్న కొండవీరుడు. ముద్ర వేసిన పత్రంలోని శక్తులన్నీ పాడి వినిపించాడు. రాజు ముఖం వికసించింది. సభ భేషంది.

ఓబన్న రెండో బొమ్మ విప్పాడు. తెగిన ఏటికట్ట. ఎర్రటి నీళ్లు. చూరు పట్టుకుని వేలాడుతున్న మనుషులు. ఇద్దరు పిల్లల చేతులు మాత్రం నీటిపైన కనిపిస్తున్నాయి.

తిప్పమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నాయనా, ఆ మహానుభావుడు అప్పుడెక్కడున్నాడు?"

ఓబన్న బొమ్మలు చూపే కర్ర దించాడు. "నాకు తెలియదమ్మా. జవాబు ఏలినవారి పక్షాన రావాలి."

సోమయాజి వెంటనే అందుకున్నాడు. "దూరదేశంలో ఉన్నాడు. ఆయనకు కనబడలేదు."

"నూరు యోజనాలు చూస్తాడని రాశారు స్వామీ. ఇసుకపాలెం ఇక్కడికి మూడామడ" అన్నాడు ఓబన్న.

"వేరే వైపు చూస్తున్నాడు."

"చీమ అడుగు వినగలవాడు నలభై ఒక్కమంది కేకలు వినలేదా?"

"విన్నాడు. బయలుదేరాడు. చేరేసరికి ఆలస్యమైంది."

"రెప్పపాటులో పోగలడన్నారు కదా."

సోమయాజి మళ్లీ అందుకున్నాడు. "నీటి ఉధృతి... ఆపడం..." అని తనే ఆగిపోయాడు. నదుల్ని ఒంటిచేత్తో ఆపగలడని రాసింది తనే.

"ఇంక ఒక్క జవాబే మిగిలింది ప్రభూ" అన్నాడు ఓబన్న. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "చూశాడు, విన్నాడు, రాగలిగీ రాలేదు. ముద్ర ఉంది గనక అలాగే పాడమంటారా? ఊరూరా పాడతాను."

"వద్దు!" అని సోమయాజి అరిచాడు. "ఆ దూరదృష్టి తీసేయి. అంత అవసరం లేదు."

ఓబన్న రాజు వైపు చూశాడు. రాజు తలూపాడు. ఓబన్న కుంచె ముంచి పత్రంలో ఆ వాక్యం చెరిపాడు. సోమయాజి వినికిడి తీయమన్నాడు. ఆకాశగమనం తీయమన్నాడు. నదులూ కొండలూ తీయమన్నాడు. కొద్దిసేపట్లో పత్రంలో ఏనుగులు మాత్రం మిగిలాయి.

"ఇప్పుడు చెప్పు ముసలమ్మా. ఆయనకు కనబడలేదు, వినబడలేదు. తప్పేముంది?" అన్నాడు సోమయాజి.

తిప్పమ్మ ఆయన వైపు తిరిగింది. "తప్పు కాదు బాబూ. మామూలు మనిషికి ఎక్కణ్ణుంచి కనబడుతుంది? కానీ ఎవరో ఒకరు పోయి చెప్పి ఉంటారుగా. చెబితేనైనా వచ్చాడా?"

సోమయాజి నోరు తెరిచాడు. అంతలో రాజు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

కేతభూపతి సింహాసనం మీంచి లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. "ఆ రోజు వాకిట్లో ఒకడు నిలబడ్డాడు. ఒళ్లంతా బురద. నేను చూశాను. ఎందుకు వచ్చాడని అడగలేదు. కిరీటం పెడుతున్నారు, తల తిప్పితే పక్కకు ఒరుగుతుందని..." అని అక్కడ ఆగాడు. "రాలేదమ్మా. చెప్పినా రాలేదు."

ఓబన్నకు తను గెలిచినట్టు అనిపించలేదు. ఇన్ని రోజులూ పెదవి చివర దాచుకున్న చమత్కారపు మాటలన్నీ ఎటుపోయాయో తెలియలేదు. తిప్పమ్మ మాత్రం రాజు ముఖంలోకి సూటిగా చూసింది.

"నిజం చెప్పావు. మాకు అదైనా చెప్పినవాడు లేడు ఇన్నాళ్లూ" అని కూర్చుంది.

రాజు పటం వైపు తిరిగాడు. "చిత్తారీ, తరువాతి బొమ్మ విప్పు."

"లేదు ప్రభూ" అని ఓబన్న మిగతా బట్టంతా పరిచి చూపించాడు. ముప్పై మూరల తెల్లటి బట్ట. "నేనిక్కడే ఆగిపోయాను. తరువాత ఏం జరిగిందో జరిగితే గాని గీయలేను."

మర్నాడు ఉదయాన్నే రాజు ఇసుకపాలెం బయలుదేరాడు. వెంట వెయ్యిమంది సైనికులు, గడ్డపారలు, తట్టలు, ధాన్యం బండ్లు. మంచిరోజు కాదని చెప్పబోయిన సోమయాజికి ఒక తట్ట ఇప్పించాడు. ఓబన్న పటం చుట్ట చంకన పెట్టుకుని వెనకే నడిచాడు.

కట్ట మీద తొలి తట్ట మట్టి రాజే ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలు జారి మోకాలి లోతు బురదలో కూలబడ్డాడు. సైనికులు బిగుసుకుపోయారు. రాజుగారు పడితే చూసినవాడికి శిక్ష పడుతుందేమోనని కళ్లు మూసుకున్నవాళ్లూ ఉన్నారు.

దిబ్బ మీంచి ఒక చిన్నపిల్ల అరిచింది. "లే! లే!"

ఆ వెనకే మరో పది గొంతులు కలిశాయి. రాజు తెల్లబోయి చూశాడు. తరువాత బురద ముఖంతో, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. బురద ఇంకాస్త పూసుకుపోయింది.

"ఓబన్నా, దిగులు లేకపోతే కథ వినరన్నావు. ఇదేనా?"

"ఇదే ప్రభూ. పడలేనివాణ్ణి ఎవరూ లెమ్మనరు."

రాజు చేతి కంకణం తీసి ఓబన్న చేతికి తొడిగాడు. పటంవాళ్ల అరవై ఇళ్లకూ ఏటా బట్టా రంగులూ కోటనుంచి అందాలని అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఏటా తొలి కథ తన ముందే జరగాలనీ, విన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇకమీదట పండితులు కాకుండా తనే జవాబు చెబుతాననీ అన్నాడు. సోమయాజి తట్ట దించకుండానే తలూపాడు.

కట్ట ముప్పై నాలుగు రోజుల్లో లేచింది. కార్తీకంలో వానలు అన్న వేళకే వచ్చాయి. ఏరు కట్ట అంచుదాకా పొంగి, రెండు రోజులు అక్కడే నిలిచి, మూడో రోజు తగ్గింది. నాలుగో రోజున తిప్పమ్మ దిబ్బ దిగి, పాత ఇల్లున్న చోట ఒండ్రు తవ్వి పొయ్యి వేసుకుంది.