పన్నీటి తొట్టిలో చేపలు

వేణుగిరి రాజు కందర్ప భూపాలుడికి ఏదైనా నచ్చిందంటే ఇక దానికి మంచిరోజులు పోయినట్టే. ఓడ వర్తకుడొకడు ఆయనకు నిలువెత్తు గాజు తొట్టి, అందులోకి ఎర్రచేపలు కానుకగా తెచ్చాడు. రాజుగారు దాన్ని సింహాసనం పక్కనే పెట్టించి, స్వయంగా అడుగున ఇసుక పరిచి, నాచు మొక్కలు నాటి మురిసిపోయారు.

అంతటితో ఆగితే బాగుండేది. బావినీళ్ళు తన చేపలకు తగవనిపించి, ఒక సాయంత్రం బిందెడు పన్నీరు గుమ్మరించారు. పైన గుప్పెడు బూందీ కూడా చల్లారు.

తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ అల్లాడుతున్నాయి. సభలో అందరికీ సంగతి అర్థమైంది. కానీ రాజుగారి పన్నీటికి వంక పెట్టేదెవరు?

"ఇవి నాతో ఏదో చెబుతున్నాయి" అన్నారు రాజుగారు మురిపెంగా.

ఆస్థాన పండితుడు మార్తాండావధాని వెంటనే లేచాడు. తనకు చేపల భాష వచ్చనీ, అవి ప్రభువుల కీర్తినే పాడుతున్నాయనీ, ఛందస్సు కూడా తప్పడం లేదనీ చెప్పేశాడు. అదే ఊపులో, విదూషకుడు చెంచయ్యకు ఈపాటి కూడా తెలియదనీ, ఆ కొలువేదో తన బావమరిదికిస్తే సభకు శోభ అనీ అందించాడు.

రాజుగారు చెంచయ్య వైపు తిరిగారు. "అవధాని కంటే బాగా చెప్పావా, కొలువు ఉంటుంది. లేదా, మూట సర్దుకో."

చెంచయ్య ఇంటిల్లిపాదీ ఆ కొలువు మీదే బతుకుతున్నారు. నిజం చెబితే రాజుకు కోపం, చెప్పకపోతే పాపం ఆ చేపలు సాయంత్రం దాకా ఉండవు. గాజుకు చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"ప్రభూ, ఇవి పాడటం లేదు. నీళ్ళు నములుతున్నాయి."

"దేనికి?"

"తమరితో ఒక మాట చెప్పాలని ఉంది వాటికి. చెబితే తమకు కోపం వస్తుందేమోనని భయం."

రాజుగారి ముఖం ముడుచుకుంది. ఏమిటా మాట అని అడిగారు.

"పన్నీరు పెళ్ళివారి మీద చల్లేది గానీ చేపలు తాగేది కాదని. నా మాట నమ్మక్కర్లేదు ప్రభూ. వాటి భాష వచ్చిన అవధానిగారినే అడగండి."

రాజుగారు అవధానిని నిలేశారు. ఈ పన్నీటిలో చేపలు బతుకుతాయా, బతకవా? చెప్పిన మాటకు పూచీ ఆయనదే.

బతుకుతాయంటే రేపు తన ప్రాణం మీదికొస్తుంది. బతకవంటే ఇందాకటి పాట అబద్ధమవుతుంది. అవధాని నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

చెంచయ్య చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు.

"చిత్తగించండి ప్రభూ. ఒక చేప అప్పుడే తొట్టి దిగి సభలోకి వచ్చేసింది."

ముందు వింజామర వీచే ఆమె కిసుక్కుమంది. ఆపైన సభంతా గొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, బావినీళ్ళు తెమ్మని కేకేశారు. నీళ్ళు వచ్చేలోపే తన మెళ్ళో ముత్యాల దండ తీసి చెంచయ్య మెళ్ళో వేశారు.