గ్రూపు లేని రాయి

ఏది అడిగినా నూర్జహాన్ మేడం నోటితో జవాబు చెప్పదు, చేతిలో ఒక రాయి పెడుతుంది. డిగ్రీ సగంలో వదిలేసి తాడిపత్రిలో ఆమె రాళ్లు పరీక్షించే గదిలో పనికి చేరిన ఓబుళపతికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ పొద్దున అడిగాడు. అడక్క ఏం చేస్తాడు? ఊళ్లో ఎవడెదురైనా ‘ఏ గ్రూపు?’ అనేదే పలకరింపు. వాళ్ల మామ అయితే మళ్లీ చదువులో చేరమని కాలేజీ ఫారం చేతిలో పెట్టి, సాయంత్రంలోగా ఏదో ఒక గ్రూపు రాసి తేకపోతే గడప తొక్కొద్దన్నాడు.

“ఏ గ్రూపులోనూ ఇమడనోణ్ణి ఏమంటారు మేడం?”

ఆమె బల్ల సొరుగు లాగింది. వాడు శనక్కాయ చేలో ఏరుకొచ్చిన ఉల్కరాయే వాడి అరచేతిలో పెట్టింది. పైన మాడిన అట్టులాంటి నల్లటి పొర, విరిగినచోట బూడిదరంగు. మామూలు ఉల్కరాళ్లలో ఆవగింజలంత గుండ్రటి పూసలుంటాయి. దీంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. అయస్కాంతం పెడితే అంటీ అంటనట్టు ఉంటుంది.

అంతలో ఆ రాయిని లెక్కలో రాసుకోను మ్యూజియం ఆయన రిజిస్టరు పట్టుకుని దిగాడు.

“ల్యాబు కాగితం చూశాను మేడం. దీని ఆక్సిజన్ లెక్క తెలిసిన ఏ ఉల్కల గ్రూపుతోనూ కలవలేదంట. గ్రూపు తేలకపోతే అద్దాల బీరువాలో పెట్టనివ్వరు, గోడౌన్లో పడేస్తారు. మామూలు గ్రూపొకటి రాసేద్దాం. ఎవడొచ్చి పగలగొట్టి చూస్తాడు?”

ఓబుళపతి ప్రాణం లాగింది. తన రాయి, అద్దాల్లో! “రాసేయండి మేడం!”

“పూసలు యాడున్నాయిరా?”

“లేవు.”

“లేనివి నువ్వు తెచ్చి గుచ్చుతావా?”

ఆమె రిజిస్టరు లాక్కుని, గడి పట్టనంత లావు అక్షరాలతో ‘గ్రూపు లేదు’ అని రాసింది.

“గోడౌనుకే పోతుంది మేడం,” అన్నాడాయన.

“పోనీండి సార్. మంటల్లో పడి వచ్చింది. మీ గోడౌనుకు జడుస్తుందా?”

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. ఓబుళపతి జేబులో మడతపెట్టిన ఫారం తీశాడు. గ్రూపు అన్నచోట ఆ రెండు మాటలే, ఆమెకంటే లావుగా రాశాడు.

“ఈ రాత్రికి మా మామ తలుపు తియ్యడు మేడం.”

ఆమె ఫారం చూసింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఇట్లాంటి రాళ్లు ఐదు దొరికితే గాని కొత్త గ్రూపు కట్టర్రా,” అంది. “ముందొకటి వచ్చి పడాల గదా.”