బోర్లించిన సారెబుట్ట

అనగా అనగా సముద్రం అంచున ఓ రాజ్యం, దానికో రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఎన్నేళ్ళకో ఒకసారి అక్కడ సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయేది. ఇసుకలో చేపలు గిలగిల్లాడేవి. "లక్ష్మమ్మకు పుట్టింటి సారె వచ్చింది, వద్దనకూడదు" అంటూ జనం బుట్టలతో పరుగెత్తేవాళ్ళు. కాసేపటికి తాటిచెట్టంత కెరటం వచ్చి అందరినీ ఊడ్చుకుపోయేది. చిన్నవాడు ఉదయసేనుడి తల్లి కూడా అలాగే వెళ్ళింది. ఆమె బుట్ట ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు కెరటాన్ని పంపేది తానేనని చెప్పుకునేవాడు. పెద్దవాడు గోడ కట్టాడు, కెరటం కూల్చేసింది. రెండోవాడు సైన్యంతో వెళ్ళి ఈదుకుంటూ ఇంటికొచ్చాడు. ఇక ఉదయసేనుడు బయల్దేరాడు. వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే అది "ఎక్కవయ్యా" అని వీపు చూపింది. ఒకటి దాటారు, రెండు దాటారు, ఏడు సముద్రాలూ దాటారు.

మాంత్రికుడు అన్నం తిని కునుకు తీస్తున్నాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. ఉదయసేనుడు దాని మెడ పట్టుకున్నాడు.

"పిసికెయ్యి బాబూ," అంది చిలక తాపీగా. "వీడు చస్తాడు, కెరటం మాత్రం ఆగదు. నేల కంపించి సముద్రం వెనక్కి పోయిందంటే కెరటం వస్తుందనే అర్థం. నాకది ముందే తెలుస్తుంది. నేను చెబితే వీడు కోతలు కోస్తాడు."

"మరి సారె?"

"సారె లేదు, నా తలకాయా లేదు."

ఉదయసేనుడికి ఏడుపొచ్చింది. ఈ ఒక్క ముక్క తెలిసుంటే అమ్మ బతికేది. మెడ వదిలేసి పంజరం చంకన పెట్టుకుని, తాబేలెక్కి ఇంటికొచ్చాడు.

"చంపి రమ్మంటే పెంచుకోడానికి తెచ్చావా?" అన్నాడు రాజు.

"ఇక మనకు ఇదే పంతులుగారు, నాన్నగారూ."

చిలక చెప్పింది, ఊరంతా తలూపింది. జాలరి పిల్ల నూకాలు ఒక్కతే ఊపలేదు. "బుర్రకెక్కితే చాలదు బాబుగారూ. చేప కనబడితే మావాళ్ళ కాళ్ళు ఆగవు. బుట్ట నెత్తిన బోర్లించుకుంటే ఇంకేం ఏరతారు?"

ఆమె డప్పు కొడితే అందరూ బుట్టలు బోర్లించుకుని కొండెక్కాలని రోజూ సాధన మొదలుపెట్టారు. మొదటిరోజు సగంమంది నవ్వారు. రెండోరోజు ముసలివాళ్ళను మోసుకెళ్ళారు. మూడోరోజు అందరికన్నా వెనక వచ్చిన రాజుగారు చిలక చేత చీవాట్లు తిన్నారు.

ఒక పొద్దున నేల కంపించింది. సముద్రం వెనక్కి పోయింది. ఇసుక నిండా చేపలు. నూకాలు డప్పు కొట్టగానే జనం బుట్టలు బోర్లించుకుని కొండదారి పట్టారు. ఓ ముసలమ్మ కిందికి రెండడుగులు వేసింది. నూకాలు ఆమె నెత్తిన బుట్ట బోర్లించి, చెయ్యి పట్టుకుని పైకి నడిపించింది.

కెరటం వచ్చింది. గుడిసెలు పోయాయి, పడవలు పోయాయి. కొండమీద మూడుసార్లు తలలు లెక్కపెట్టారు. ఒక్కరూ తగ్గలేదు. చిలక కోసం వచ్చిన మాంత్రికుడు "నేనే పంపాను" అంటే పిల్లలు పకపకా నవ్వారు.

ఉదయసేనుడు నూకాలును పెళ్ళాడి చాలాకాలం చల్లగా ఏలాడు. పెళ్ళినాడు సారెబుట్టల వరసలో అమ్మ బుట్టను తనే తెచ్చి బోర్లించి పెట్టాడు. ఇప్పటికీ ఆ రాజ్యంలో ప్రతి పెళ్ళిలో ఒక బుట్ట అలాగే పెడతారు. ఎందుకని అడిగితే, పిల్లలు ముందు కొండ చూపించి, తర్వాత ఈ కథ చెబుతారు.