సూరప్ప నెత్తిన పడ్డ రెట్ట

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక మడుగు. మడుగు నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లు బోలెడు. ఆ మడుగుకు పెద్ద ఎవరనుకున్నారు? సూరప్ప అనే నీటికోడి. నుదుటి మీద ఎర్రటి మచ్చ ఉండేది. దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు.

ఏటా చలిగాలి మొదలవగానే ఉత్తరం నుంచి గూడబాతులు వచ్చేవి. ముక్కు కింద సంచీ ఉంటుందే, ఆ పక్షులే. వాటిని చూడగానే గట్టు మీది కప్ప అరిచేది.

"చుట్టాలొచ్చారు, జరగండి!"

అందరూ జరిగేవారు. గూడబాతులు కడప కొమ్మల మీద గూళ్లు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయేవి.

ఒకనాటి మధ్యాహ్నం సూరప్ప చెట్టు కింద కునుకు తీస్తున్నాడు. పైనుంచి టప్పున రెట్ట పడింది. సరిగ్గా ఎర్ర మచ్చ మీద! మడుగంతా పగలబడి నవ్వింది. సూరప్పకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే సభ పెట్టాడు.

"ఈ వలసోళ్లు ఏటికేడు ఎక్కువైపోతున్నారు. మన చేపలు తింటారు, మన నీళ్లు పాడు చేస్తారు. వచ్చే ఏడు నుంచి బయటివాళ్లెవరూ ఈ మడుగులో దిగకూడదు!"

తాబేలవ్వ మెల్లగా తల బయటపెట్టింది.

"అబ్బయ్యా, వాళ్లు తినేది చూశావు. పెట్టేది చూశావా?"

"పెట్టేదేముందవ్వా, రెట్ట!" అన్నాడు సూరప్ప. మళ్లీ అందరూ నవ్వారు. అవ్వ తల లోపలికి లాక్కుంది.

కాపలాకు ఎండ్రకాయను పెట్టారు. అడ్డంగా నడిచేవాడికి అడ్డుపడే పని బాగా కుదిరింది.

మరుసటి చలికాలం గూడబాతులు వచ్చాయి. కప్ప నోరు తెరిచి, సూరప్ప చూపు చూసి మూసుకుంది. ఎండ్రకాయ డెక్కలెత్తి నిలబడింది.

"ఎవరు మీరు? ఏ ఊరు?"

"అదేంది నాయనా, కొత్తగా అడుగుతున్నావు?" అంది గుంపు పెద్ద ధవళమ్మ. "మా అమ్మమ్మ కాలం నుంచీ వస్తున్నాం కదా. రెక్కలు తీపులు పెడుతున్నాయి. దిగనీ."

"కుదరదు."

ధవళమ్మ సూరప్ప వైపు చూసింది. సూరప్ప మొహం తిప్పుకున్నాడు. పాపం, అలిసిన పక్షులు మళ్లీ ఎగిరి కొండ అవతలికి వెళ్లిపోయాయి.

కొన్నాళ్లకు మడుగు నీళ్లు తేటపడ్డాయి. అడుగున గులకరాళ్లు కూడా కనబడుతున్నాయి. "చూశారా, అద్దంలా ఉంది!" అని సూరప్ప ఊరేగినట్టు ఈదాడు. ఆ తర్వాత నాచు పోయింది. నాచు వెనకే పురుగులు పోయాయి, పిల్ల చేపలూ పోయాయి.

సూరప్పకు అప్పుడే పుట్టిన పిల్లలున్నాయి. "నాన్నా, ఆకలి" అని ఏడ్చాయి. సూరప్ప నీళ్లలోకి తొంగి చూశాడు. తన మొహం తప్ప ఏమీ కనబడలేదు. పిల్లలు రోజురోజుకూ నీరసించి పోతుంటే ఆ తండ్రి గుండె చెరువైంది. చివరికి పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని, కాలినడకన కొండ దాటాడు.

అవతల ఇంకో మడుగు. అందులో ధవళమ్మ గుంపు! సూరప్ప గట్టు మీదే ఆగిపోయాడు. ఏ ఊరని అడిగితే ఏం చెప్పాలి? పొమ్మంటే ఎక్కడికి పోవాలి? పిల్లలు కాళ్లకు అడ్డం పడుతున్నాయి.

ధవళమ్మ చూసింది. ఆ ఎర్ర మచ్చను గుర్తుపట్టింది. మెడ చాచి, నీరసించిన పిల్లల వైపు చూసింది. తర్వాత గొంతెత్తి అరిచింది.

"చుట్టాలొచ్చారు, జరగండి!"

సూరప్ప కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. పిల్లలు మాత్రం ఎప్పుడో నీళ్లలోకి దూకేశాయి. ఆ నీళ్లు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. ముక్కు పెడితే చాలు, పురుగూ చేపా దొరుకుతున్నాయి.

"నీళ్లు ఇంత మురికిగా ఉన్నాయే, ఇంత తిండి ఎక్కడిదమ్మా?" అన్నాడు సూరప్ప.

"మా రెట్టలే నాయనా. అవి నీళ్లలో పడితే నాచు పెరుగుద్ది. నాచు తిని పురుగులు, చేప పిల్లలు పెరుగుతాయి. మేం మీ మడుగులో తిని ఊరికే పోలేదయ్యా."

సూరప్ప తల దించుకున్నాడు. "నాదే తప్పు తల్లీ. వచ్చే చలికి మా ఇంటికి రండి" అన్నాడు.

పిల్లలు కోలుకుని, చలికాలం దగ్గరపడ్డాక ఇంటికి వెళ్లి కొత్త కట్టుబాటు చేశాడు. పడమటి చెట్లు చుట్టాలవి. చేప పిల్లల్ని మాత్రం ఎవరూ, చుట్టాలైనా ఇంటివాళ్లయినా, ముట్టకూడదు. ఎండ్రకాయకు దారి చూపే పని ఇచ్చారు. చలిగాలి మొదలవగానే వాడి వెనక గూడబాతులన్నీ అడ్డంగా నడుచుకుంటూ వచ్చాయి!

మడుగు నీళ్లు మళ్లీ పచ్చబడ్డాక, ఒక మధ్యాహ్నం సూరప్ప మళ్లీ చెట్టు కింద కునుకు తీస్తున్నాడు. టప్! మళ్లీ ఎర్ర మచ్చ మీదే. మడుగంతా ఊపిరి బిగబట్టింది.

సూరప్ప ఒక కన్ను తెరిచాడు.

"కంగారు పడకండర్రా. మన పిల్లల రేపటి బువ్వ పడింది" అని, మళ్లీ నిద్రపోయాడు.

నీతి: మన చోటికి వచ్చినవాళ్లు తీసుకునేది వెంటనే కనబడుతుంది, ఇచ్చేది మెల్లగా కనబడుతుంది. రెండూ చూడకుండా, కోపంలో ఎవరికీ దారి మూయకూడదు.